ముందు స్క్రూడ్రైవర్, తర్వాతే పర్సు

ఎలక్ట్రిక్ గిటార్ కొన్న ఆరు నెలలకి మనలో చాలామందికి ఒక జబ్బు పట్టుకుంటుంది: "పికప్‌లు మార్చాలి రా!" నా మాట సూటిగా చెప్తా. మార్చడం తప్పేం కాదు. కానీ ఇప్పుడున్న సౌండ్‌లో లోటేంటో ఒక్క వాక్యంలో చెప్పలేనంతవరకు పైసా తీయొద్దు.

పికప్ అంటే మనం చదివిన ఫిజిక్సే. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు తిరిగి ఉంటుంది. పైన ఉక్కు తీగ కదిలితే ఫ్లక్స్ మారి కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. ఫారడే 1831లో చెప్పిందే ఇది. దీని సత్తా తెలియాలంటే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని వినండి. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి, మీటిన నాదం తొందరగా ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. దాని మీద గమకం సాగినంతసేపు నాదం నిలిచింది. పికప్ చేసింది సాయమే, వేళ్ళ పని మాత్రం ఆయనది.

ఇక కొనేటప్పుడు చాలామంది చూసేది కిలో ఓమ్‌లు. ఎక్కువ ఉంటే ఎక్కువ పవర్ అనుకుంటారు. అదే చుట్లకి 42 గేజ్ బదులు ఇంకా సన్నటి 43 గేజ్ తీగ వాడినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, అవుట్‌పుట్ మాత్రం పెరగదు. నిజంగానే చుట్లు పెంచితే ఇండక్టెన్స్ కూడా పెరిగి, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. కాబట్టి ఆ ఒక్క నంబర్ చూసి కొనడమంటే బరువు చూసి ఫోన్ కొనడమే.

ఇప్పుడు అసలు సంగతి. మాది మఠంపల్లి. చర్చి పండుగకి వాయించే మా కుర్రాళ్ళు చందాలేసుకున్నారు. అందులో ఫ్యాక్టరీ షిఫ్టుల డబ్బుంది, పొలం పనుల డబ్బుంది. గిటార్, బేస్ రెండిట్లో ఒకదానికే పికప్‌లు వస్తాయి. "ఏది అన్నా?" అని నన్నడిగారు. బేస్‌కే అన్నా. లీడ్ వాయించే తమ్ముడు అలిగాడు, అయినా నా మాట అదే.

ఎందుకంటే గిటార్ లోటు చాలావరకు ఉచితంగానే తీరుతుంది. దానివి మూడూ సింగిల్ కాయిల్స్. కరెంటు తీగలు, సీరియల్ లైట్లు వదిలే 50 హెర్ట్జ్ గోలంతా పట్టేస్తాయి. మధ్య పికప్ ఎదురు చుట్టుతో ఉంటే, స్విచ్‌ని రెండు లేదా నాలుగో స్థానంలో పెట్టగానే గోల తగ్గుతుంది. 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ తయారుచేసిన హంబకర్ సూత్రం కూడా ఇదే: రెండు కాయిల్స్ గోలని ఒకదానికొకటి కొట్టేసి, తీగల శబ్దాన్ని కలుపుతాయి.

మా బేస్ జాజ్ రకం. రెండు పికప్‌లూ ఫుల్‌లో ఉంటే నిశ్శబ్దంగా ఉంటుంది, ఒకటి తగ్గిస్తే చాలు గుయ్‌మంటుంది. కానీ వాళ్ళకి కావాల్సిన టోన్ ఒక్క పికప్‌తోనే వస్తుంది. అందుకే అదే సైజులో ఒక కాయిల్ మీద ఇంకో కాయిల్ పేర్చిన రకం చెప్పా. జాజ్ బేస్ పికప్‌లు రెండూ ఒకే పొడవు ఉండవు, స్కేలుతో కొలిచే ఆర్డర్ పెట్టాలి. పైగా మైదానంలో వెనకాల కూర్చున్న పెద్దమ్మలు, పిల్లలు తాళం అందుకునేది బేస్ నుంచే. సోలో బాగుంటే పది మంది మెచ్చుకుంటారు, బేస్ బాగుంటే వంద మంది కలిసి పాడతారు.

ఎవరైనా సరే, కొనేముందు ఇవి చేయండి. పాత తీగలు మార్చండి. చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి శ్రుతి వణికిస్తుంది. రెండు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, చెవిని నమ్ముకుని స్క్రూ తిప్పండి. పొటెన్షియోమీటర్ విలువ చూడండి: సింగిల్ కాయిల్‌కి సాధారణంగా 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కి 500.

అన్నిటికన్నా ముందు ఎర్తింగ్. మూడో పిన్ను విరిగిన ప్లగ్గుతో స్టేజ్ ఎక్కకండి. గిటార్ తీగలు ఆంప్లిఫైయర్ గ్రౌండ్‌కి కలిసే ఉంటాయి. చేతులు తీగల మీద, పెదవులు మైకు మీద ఉన్నప్పుడు తేడా వస్తే ఎంత ఖరీదైన పికప్ అయినా షాక్ ఆపదు. చందా డబ్బులో మొదటి ఖర్చు మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు కావాలి. మిగిలిందే పికప్‌కి.