గుండెపోటు: రక్తపుగడ్డను కరగించు మందు



ఇంటిలో నెవరికైన రొమ్మున నొప్పి వచ్చినచో మనము మొదట వెదకునది వాముడబ్బా. “వాయువు పట్టినది, కొంతసేపటికి తగ్గును” అని వేడినీళ్లిచ్చి పడుకొనబెట్టుదుము. అది వాయువే యైన మంచిదే. కానిచో ఆ కొంతసేపే ప్రాణము తీయవచ్చును. చౌడేపల్లె వంటి యూళ్లలో నుండి, పెద్దవైద్యమునకై పుంగనూరో, మదనపల్లెయో, తిరుపతియో పోవలసిన కుటుంబములవారు ఈ సంగతి మరింత శ్రద్ధగా తెలిసికొనవలెను.

గుండె కండరమునకు రక్తము తెచ్చు నాళములో క్రొవ్వు పేరుకొని, అది చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారి మూయుటయే సాధారణముగా గుండెపోటు. రక్తమందని కండరము నిమిషనిమిషమునకు చచ్చుచుండును; చచ్చినది మరల బ్రదుకదు. నాళములోనికి సన్నని గొట్టము పంపి దారి తెరచుట ఉత్తమచికిత్స. అది సకాలమున దొరకనిచోట గడ్డను కరగించు సూదిమందే దిక్కు.

1933లో విలియం టిల్లెట్ అను అమెరికా వైద్యుడు, గొంతునొప్పి కలిగించు నొక సూక్ష్మజీవి నుండి వెలువడు పదార్థము రక్తపుగడ్డను కరగించునని కనుగొనెను. అదియే స్ట్రెప్టోకైనేసు. 17,000కు పైబడిన రోగులపై జరిపి 1988లో ప్రకటించిన పరీక్షలో, ఈ మందును ఆస్పిరినుతో కలిపి యిచ్చినచో మరణములు బాగుగ తగ్గునని తేలెను. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్సువారును దీనిని తయారుచేసిరి. అయితే దీనిని దాదాపు గంటసేపు నరములోనికి ఎక్కింపవలెను, రక్తపుపోటు పడిపోవచ్చును, ఒకసారి పుచ్చుకొన్నవారికి రెండవమారు సరిగా పనిచేయకపోవచ్చును.

తరువాత వచ్చిన టెనెక్టిప్లేసు ముఖ్యముగా గడ్డయున్నచోటనే పనిచేయును. రోగి బరువునుబట్టి ఒక్కసారిగా కొన్ని క్షణములలో నీయవచ్చును. అంతకుముందు వాడుకలోనున్న ఆల్టెప్లేసుతో దీనిని పోల్చిన 1999 నాటి పరీక్షలో, ప్రాణరక్షణ సమానముగనుండి, మెదడులో గాక ఇతరచోట్ల రక్తస్రావము తగ్గినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2023లో ‘స్టెమీ’ అను పథకము ప్రారంభించి, చిన్న ఆసుపత్రులలోనే ఇ.సి.జి. తీసి, పెద్దవైద్యుల సలహాతో ఈ సూదిమందును ఉచితముగా నిచ్చు ఏర్పాటు చేసిరి.

అయినను భయము పూర్తిగా తొలగలేదు. నూటికి సుమారొకరికి మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. అందుచేతనే 75 ఏండ్లు దాటినవారికి సగము మోతాదే యిచ్చుట కలదు. ఇచ్చట మన కర్తవ్యమున్నది. రోగికి పూర్వము పక్షవాతము వచ్చెనా, ఇటీవల శస్త్రచికిత్స జరిగెనా, తలకు దెబ్బ తగిలెనా, కడుపులో పుండుండి రక్తము పోయెనా, రక్తమును పలుచన చేయు మాత్రలు వాడుచుండెనా అను సంగతులు వైద్యునికి వెంటనే చెప్పవలెను. ఆ సమయమున రోగి మాటలాడలేకపోవచ్చును. ఇల్లాలికి తెలిసియుండిన మందు క్షేమకరమగును. మందులచీటీలు ఒక సంచిలో నుంచుకొనుడు.

మరియొక మాట. మన స్త్రీలకు రొమ్మునొప్పితో బాటు, ఒక్కొక్కప్పుడు అది లేకయే, ఆయాసము, వాంతి, దవడనొప్పి, వీపునొప్పి, చెమటలు పట్టుట కనబడును. “పొయ్యిమీద అన్నమున్నది, దించి పోవుదము” అని జాగుచేయకుడు. 108కి కబురుచేసి, బయలుదేరుడు. అన్నము మరల వండుకొనవచ్చును.