బండి నడుపు రైతు - ఫోను చేయు మనము

ఈ పుటలలో విత్తనశుద్ధి గురించియో, పసుపులో దుంపకుళ్లు గురించియో వ్రాయవలసిన వ్యవసాయాధికారి రోడ్డును గురించి, సెల్‌ఫోనును గురించి వ్రాయుట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. దీనికి కారణము కలదు. గడచిన యాసంగి కోతల కాలములో ఇందల్వాయి దగ్గరి ఒక గ్రామమందలి రైతు ఎడమ చేయి విరుగుటకు నేను కారకుడనయితిని. ఆయన ఊరు, పేరు ఇచట అనవసరము. జరిగినది మాత్రము దాచక చెప్పెదను.

ఆయన భూమి వివరముల నమోదు ఒకటి మిగిలియుండెను. ఆ నమోదునకు ఆధారుతో ముడిపడిన ఫోనుకు వచ్చు ఆరు అంకెల ఓటీపీ కావలెను. నేను కార్యాలయములో కూర్చుండి ఫోను చేసితిని. ఆయన డిచ్‌పల్లి నుండి మోటారు సైకిలుపై ఇంటికి పోవుచున్నాడు. "సార్, బండి మీదున్న, జర ఆగుండ్రి" అన్నాడు. "ఆరు నంబర్లే కదా కాకా, జల్ది చెప్పండి, మళ్ల సర్వరు పోతది" అన్నాను. ఆయన బండి ఆపలేదు. సర్కారు మనిషి తొందరపెట్టుచుండగా ఆపి చెప్పుటకు మొగమాటపడెనేమో. ఫోను చెవి నుండి తీసి, తెర చూచి, నాలుగు అంకెలు చదివినాడు. తరువాత నాకు వినబడినది అంకె కాదు.

రోడ్డుపై ఆరబోసిన వడ్ల చుట్టు ఎవరో పెట్టిన రాళ్లు ఆయన చూడలేదు. ముందు చక్రము రాతికెక్కి పడినాడు. ఓటీపీ కాలము దాటిపోయినచో మరియొకటి తెప్పించుకొనవచ్చును, దానికి రూపాయి ఖర్చు లేదు. ఆయన చేయి కుదురుటకు ఆరు వారములు పట్టినది. ఆ ఆరు వారములు వరి కోత, వడ్ల ఎండబెట్టుట, కొనుగోలు కేంద్రము దగ్గర కాపలా, అన్నియు ఆయన భార్య, కొడుకు చేసుకొనిరి. పరామర్శకు పోయినప్పుడు ఆయన "నీ తప్పేముంది సార్, నేనే ఆపాల్సింది" అన్నాడు. మర్యాదస్తుడు కనుక అట్లన్నాడు.

బండి నడుపుచు ఫోను మాట్లాడరాదని చెప్పు బోర్డులకు మన రోడ్లపై కొరత లేదు. అవి అన్నియు నడుపువానినే ఉద్దేశించినవి. ఫోనుకు రెండు చివరలు ఉన్నవి. రెండవ చివర కుర్చీలో క్షేమముగా కూర్చున్న మనిషిని గూర్చి ఏ బోర్డును మాట్లాడదు. నేను చెప్పదలచినది అంతయు ఆ రెండవ చివరను గురించియే.

ఇందల్వాయి మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు సాగుచున్నది. ఇచటి టోల్ గేటు దగ్గర ఒక గంట నిలిచి చూచినచో దేశములోని లారీలన్నియు కనిపించును. ఆ లారీల నడుమనే మన వడ్ల ట్రాలీ, మక్కల ట్రాలీ, నిజామాబాదు యార్డుకు పోవు పసుపు బస్తాల ట్రాలీ నడువవలెను. పూర్వము ఈ జిల్లాలో సరుకు మోసినది ఎడ్లబండ్లు. 1937లో స్థాపించిన బోధను చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు రాత్రివేళ బారులు తీరి పోవుచుండెడివని పెద్దలు నేటికిని చెప్పుదురు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది, అది వేరొక కథ. ఆ కాలమున బండివాడు చెరకు మోపుపై నిద్రపోయినను ఎడ్లు దారి తప్పెడివి కావు. ఎదురుగా గుంట ఉన్న అవియే తొలగి నడిచెడివి. ట్రాక్టరుకు యాభై గుర్రముల బలము ఉండవచ్చును గాని ఎద్దుకున్న ఆ తెలివి లేదు. నడుపువాని దృష్టి పోయిన క్షణము నుండి అది ఎవరి చేతిలోను లేనట్లే.

ఈ క్షణము ఎంతటిదో లెక్క చూడుడు. ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్ల వేగమున పోవునపుడు సెకనుకు సుమారు 7 మీటర్లు నడచును. ఫోను జేబులో నుండి తీసి, ఎవరు చేసినదో చూచి, మీట నొక్కుటకు నాలుగు సెకనులు పట్టిననుకొనుడు. 28 మీటర్లు కన్ను లేకుండ పోయినట్లే. మోటారు సైకిలు 60 కిలోమీటర్ల వేగమున ఉన్నచో అదే నాలుగు సెకనులలో 66 మీటర్లు దాటును. పైగా మన ట్రాలీలలో చాలవాటికి బ్రేకులు లేవు. నలభై క్వింటాళ్ల పచ్చి వడ్లు నింపిన ట్రాలీ, ముందున్న ట్రాక్టరు బ్రేకు వేసినను వెనుక నుండి నెట్టుచునే ఉండును. అనగా లారీ డ్రైవరు కంటె ట్రాక్టరు నడుపు రైతు ముందుగా చూడవలెను, ముందుగా ఆపవలెను. ఇక ఇంజను మోతలో ఫోను వినబడుటకు దానిని చెవికి గట్టిగా అదిమి, రెండవ చెవిని మూసుకొను అలవాటు కూడ కొందరికి కలదు. అట్టి సమయమున స్టీరింగును ఏది పట్టుకొనునో నాకు ఇంతవరకు బోధపడలేదు.

చెవిలో తీగ పెట్టుకొన్నచో రెండు చేతులు స్టీరింగుపైనే ఉండును కదా అని యువకులు అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము పాతదే. 1997లో కెనడా దేశపు టొరంటో నగరములో ఇద్దరు పరిశోధకులు, ప్రమాదమునకు గురియైన 699 మంది డ్రైవర్ల ఫోను లెక్కలను పరిశీలించిరి. ఫోను వాడు సమయమున ప్రమాదము జరుగు అవకాశము సుమారు నాలుగు రెట్లు హెచ్చినదని తేలినది. చేతితో పట్టుకొనని ఫోను వలన ప్రత్యేకమైన మేలేమియు వారికి కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ నేడు ఈ నాలుగు రెట్ల మాటనే చెప్పుచున్నది. చేయి ఖాళీగా ఉన్నంత మాత్రమున మనసు ఖాళీగా ఉండదు. కన్ను రోడ్డును చూచుచునే ఉండును. మనసు మాత్రము మార్కెట్టులో పసుపు ధర దగ్గర ఉండును.

ఇచట ఒక సందేహము రావచ్చును. పక్కన కూర్చున్న వానితో మాట్లాడినను ఇంతే కదా? కాదు. పక్కన కూర్చున్నవానికి మలుపు కనిపించును. ఎదురుగా లారీ వచ్చినచో తానే మాట ఆపును, వీలయినచో "అరే, చూస్కో" అని కేక వేయును. ఫోనులో మాట్లాడువానికి ఆ మలుపు కనబడదు. అతడు ధర చెప్పుమనును, లెక్క అడుగును, కోపపడును, జవాబు రాకపోయిన "హలో, హలో" అని అరచును. నా ఫోనులో ఆనాడు జరిగినది ఇదియే. కాకా ముందున్న రాళ్లు నాకు కనిపించి ఉన్నచో ఓటీపీ అడుగుదునా?

ఈ విషయమున మనకు మరువరాని ఉదాహరణ దూరమున లేదు. నాందేడు నుండి సికింద్రాబాదు పోవు పాసింజరు రైలు నిజామాబాదు, ఇందల్వాయి, కామారెడ్డి దాటి మెదకు జిల్లాలోని మాసాయిపేట మీదుగా సాగును. 2014 జూలై 24వ తేదీ ఉదయము ఆ రైలు, మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుచున్న పాఠశాల బస్సును ఢీకొన్నది. పదిమందికి పైగా పిల్లలు మరణించిరి. డ్రైవరు కూడ బ్రతుకలేదు. బస్సు పట్టాలు ఎక్కునపుడు డ్రైవరు సెల్‌ఫోనులో మాట్లాడుచుండెనని, బ్రతికి బయటపడిన పిల్లలు చెప్పినట్లు నాటి పత్రికలు వ్రాసినవి. మన స్టేషనులో కూత వేసిపోయిన బండియే అది. 2018 ఏప్రిల్ 26న ఉత్తర ప్రదేశములోని కుశీనగరు దగ్గర ఇట్టిదే మరియొకటి జరిగినది. 13 మంది పిల్లలు పోయిరి. అచట డ్రైవరు చెవులలో ఇయర్‌ఫోనులు ఉండెనని వార్తలు వచ్చినవి.

తప్పు ఫోనుది మాత్రమే అనుట న్యాయము కాదు. గేటుకు కాపలాదారు ఉన్నచో మాసాయిపేట పిల్లలు నేడు కళాశాలలలో ఉండెడివారు. రైల్వేవారు 2019 జనవరి నాటికి పెద్ద లైనులపై కాపలా లేని గేట్లన్నిటిని తొలగించిరి. ఆ మేరకు మంచిదే. అయినను మన గ్రామములలో ఊరి బాట పెద్ద రోడ్డును కలియు ప్రతిచోటు ఒక కాపలా లేని గేటే, రైలుకు బదులు లారీ వచ్చును, అంతియే భేదము. గేట్లు తగ్గినవి, ఫోనులు మాత్రము ఇంటికి నాలుగయినవి. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ లెక్క. వీరిలో ఎందరి చివరి పని ఫోను ఎత్తుటయో ఏ లెక్కలోను పూర్తిగా దొరకదు. పడిపోయినవాడు ఫోనులో ఉన్నానని చెప్పడు. ఫోను చేసినవాడు అసలే చెప్పడు.

చట్టము సంగతి కొద్దిగా చెప్పి ముందుకు పోవుదును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను ప్రకారము, చేతితో పట్టుకొను ఫోను వాడుచు బండి నడుపుట అపాయకరమైన డ్రైవింగు. మొదటి తప్పునకు ఆరు నెలల నుండి సంవత్సరము వరకు జైలు, లేదా వెయ్యి నుండి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండును. ట్రాక్టరు కూడ మోటారు వాహనమే. పొలము మనదే కదా అని రోటవేటరు నడుపుచు ఫోను మాట్లాడువారిని పోలీసులు పట్టుకొనరు. అచట పట్టుకొనునది రోటవేటరు.

రైతు బండి మీద ఉండగా ఫోను చేయువారెవరు? మొదట మేము, అనగా అధికారులము. తరువాత ధర చెప్పు అడ్తి వ్యాపారి, కోత యంత్రము యజమాని, ఎరువుల దుకాణదారు, ఇంటివారు. ఈ మధ్య బోరు మోటారు కూడ ఫోను చేయుచున్నది. మొబైలు స్టార్టరు పెట్టించిన రైతుకు కరెంటు వచ్చినను, పోయినను జేబులో గంట మ్రోగును. ఆ సదుపాయమును నేను మెచ్చుకొందును, అర్ధరాత్రి పొలమునకు పోయి పాము కాటునకు, కరెంటు షాకునకు గురియగు బాధ దానితో తగ్గినది. అయితే మోటారు పది నిమిషములు ఆలస్యముగా తిరిగినచో మడి ఎండదు.

"అన్నీ అట్ల ఆగవు సార్" అని ఒక సోదరి నాతో వాదించినది. కొనుగోలు కేంద్రములో వడ్లు ఆరబోసియుండగా మబ్బు పట్టినది, భర్త బండిపై ఊరికి పోయినాడు, ఫోను చేయకుండ ఎట్లుండగలను అని ఆమె ప్రశ్న. ఆమె కష్టము నిజమే. నాలుగు నెలల పంట కన్నుల ముందు తడియుట చూచినవారికే ఆ బాధ తెలియును. నేను అడిగినది ఒక్కటే. బండి మీద ఉన్నవాడు టార్పాలిన్ కప్పగలడా? కప్పలేడు. వేగముగా రాగలడు, అంతే. వాన మబ్బు చూచి వేగముగా వచ్చువాని చెవిలో ఫోను పెట్టుట కంటె పక్క కుప్పవారిని పిలుచుట మేలు కదా. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. ఆలోచించెదనన్నది.

మరియొక దురలవాటు కలదు. ఒకసారి ఎత్తకపోయినచో వరుసగా ఐదారుసార్లు చేయుదురు. బండి మీది మనిషికి అది ఇంటిలో ఏదో కీడు జరిగినదన్న భయమును కలిగించును. ఆపవలెననుకొన్నవాడు కూడ ఆపకుండ ఎత్తును. ఒకసారి చేసి ఊరుకొన్నచో అతడు దిగిన తరువాత చూచుకొనును. నేను ఇప్పుడు పనుల కొరకు ఉదయము ఏడు గంటల లోపల, మధ్యాహ్న భోజన వేళ, దీపాలు పెట్టిన తరువాత మాత్రమే రైతులకు ఫోను చేయుచున్నాను. ఎవరు ఎత్తినను మొదటి మాట "కాకా, బండి మీదున్నారా?" అనియే. అవునన్నచో మరొక మాట లేకుండ పెట్టివేయుదును. మొదట కొందరు నొచ్చుకొనిరి, సారుకు కోపమొచ్చిందనుకొనిరి.

ట్రాక్టరు నడుపు సోదరులు ఫోనును పనిముట్ల పెట్టెలో వేసి మూత పెట్టుట మంచిది. కొత్త ఫోనులలో బండి నడుపుచున్నట్లు తానే జవాబు పంపు ఏర్పాటు కూడ కలదు. పిల్లలకు చెప్పిన నిమిషములో పెట్టియిచ్చెదరు. తప్పక మాట్లాడవలసి వచ్చినచో తారురోడ్డు దిగి, పొలము బాటలోనికి తీసి ఆపవలెను. ట్రాలీని రోడ్డు అంచుననే ఆపి మాట్లాడుట వెనుక వచ్చువానికి ముప్పు, రాత్రివేళ మరీను.

2018 ఆగస్టులో రైతు బీమా పథకము మొదలయిన నాటి నుండి, 59 ఏండ్ల లోపు రైతు ఏ కారణముచేత మరణించినను కుటుంబమునకు ఐదు లక్షల రూపాయలు అందు ఏర్పాటు వచ్చినది. ఆ కాగితముల కొరకు మావారు ఇండ్లకు పోవుదురు. రోడ్డు ప్రమాదమని రెండు మాటలలో కారణము ముగియును. ఆ సమయమున ఫోను చేసినది ఎవరని అడుగువారు లేరు. కాకా విషయమున అట్టి కాగితము తీసుకొనిపోవలసిన అవసరము నాకు రాలేదు. రాళ్లకు బదులు అచట లారీ ఉన్నచో వచ్చియుండెడిది.

మొన్న వానాకాలపు పంట నమోదు కొరకు ఆయనకు మరల ఫోను చేయవలసివచ్చినది. ఎత్తలేదు. నేనును రెండవసారి చేయలేదు. ఇరువది నిమిషములకు ఆయనే చేసినాడు. "బండి మీదుంటి సార్, ఇప్పుడే ఇంటికొచ్చి మంచం మీద కూసున్న, ఇగ అడుగుండ్రి" అన్నాడు. ఆరు అంకెలు నిదానముగా చదివినాడు. ఒకటి నేనే తప్పుగా కొట్టి, మరల అడిగితిని.