నేల రంగు మారునపుడు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుటలోని కష్టము ఆనాడు ధనమునకు, కలపకు, మేస్త్రీకి సంబంధించినది. నేడు పట్టణమునందు గాని పట్టణపు పొలిమేరలందు గాని ఇల్లు కట్టదలచినవాడు వీటన్నిటికంటె ముందుగా విచారింపవలసిన విషయ మొకటి కలదు. తాను కొన్న నేల మాస్టరు ప్లాను పటములో ఏ రంగున నున్నది? సాధారణముగా పసుపు నివాసమునకు, నీలము వాణిజ్యమునకు, ఊదా పరిశ్రమకు, ఆకుపచ్చ తోటలకును సాగునకును గుర్తులు. ఈ రంగును మార్చుమని భూమి యజమాని అర్జీ పెట్టుకొనవచ్చును. ప్రభుత్వము తనంతట తానును మార్చవచ్చును. అట్లు మార్చుటకు ముందు ప్రజల అభ్యంతరములను వినవలెనని చట్టము చెప్పుచున్నది.

ఈ వినుట యనునది చిన్న తంతువలె కన్పట్టును. కాని ఒక వీధికి గాలి వెలుతురు దక్కునా, మంచినీరు చాలునా, చెరువు నిలుచునా, బీదవానికి అద్దె యిల్లు దొరకునా యను ప్రశ్నలు పెక్కుసార్లు అచ్చటనే తేలుచున్నవి.

2023 జనవరిలో తెలంగాణ రాష్ట్రములోని కామారెడ్డి పట్టణమున జరిగిన సంఘటనలు పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ పట్టణమునకు క్రొత్తగా తయారైన మాస్టరు ప్లాను ముసాయిదాలో చుట్టుప్రక్కల గ్రామముల సాగుభూములు కొన్ని పారిశ్రామిక మండలముగను, హరిత మండలముగను చూపబడినవి. తమ పొలముల రంగు మారినదని తెలిసి రైతులు కలవరపడిరి. ఒక రైతు ఆత్మహత్య చేసికొనుటతో ఆందోళన తీవ్రమయ్యెను. కలెక్టరు కార్యాలయము ఎదుట రైతులు బైఠాయించిరి. పట్టణమున బందు జరిగెను. ఆ నెల ముగియకమునుపే పురపాలక సంఘము ముసాయిదాను ఉపసంహరింపవలెనని తీర్మానించినది.

ఇచ్చట గమనింపవలసిన దేమన, చట్టము కోరిన తంతు ఆనాడు జరుగకపోలేదు. ముసాయిదా ప్రకటింపబడినది, అభ్యంతరములు తెలుపుటకు గడువును ఈయబడినది. అయినను రైతులు అర్జీలతో ఆగక వీధికెక్కిరి. చెప్పుకొనుటకు అవకాశమున్నను, చెప్పిన మాట వినబడునను నమ్మకము లేకపోయినది. అభ్యంతరములు వినుటకును, నిజముగా వినుటకును నడుమనున్న దూరమే ఈ సమస్యకు మూలము. ఆ దూరమును కొలుచుటకు, ఇట్టి విచారణలు నూరేండ్లుగా సాగుచున్న అమెరికా అనుభవమును ముందు పరిశీలించుట మేలు.

అమెరికాలో మండలముల పుట్టుక

న్యూయార్కు నగరమున 1915లో ఈక్విటబుల్ భవనము పూర్తియైనది. ఆకాశము నంటు ఆ కట్టడపు నీడ పొరుగు వీధులపై పరచుకొనగా ప్రజలలో అలజడి బయలుదేరెను. అంతకుముందు నుండియు సాగుచున్న చర్చలకు ఇది బలము చేకూర్చినది. మరుసటి యేడు, అనగా 1916లో, నగరమంతటిని మండలములుగా విభజించు శాసనమును చేసిరి. అమెరికాలో ఒక నగరమంతటికిని సమగ్రముగా వర్తించిన మొదటి మండల శాసన మదియే. తరువాత హెర్బర్టు హూవరు వాణిజ్య మంత్రిగా నున్న కాలమున, 1920 దశకములో, రాష్ట్రములన్నిటికిని ఉపయోగపడునట్లు ఒక నమూనా చట్టమును ఆ శాఖ ప్రకటించెను.

ఆ నమూనా చట్టములోని రెండు నియమములు ముఖ్యమైనవి. బహిరంగ విచారణ జరుపకుండ ఏ మండలమును ఏర్పరుపరాదు, మార్పరాదు; ఆ విచారణకు కనీసము 15 దినములు ముందుగా పత్రికలో ప్రకటన చేయవలెను. ఇది మొదటిది. మార్పునకు గురియగు నేలలో గాని దానిని ఆనుకొనియున్న నేలలో గాని 20 శాతమునకు యజమానులైనవారు వ్రాతమూలకముగా వ్యతిరేకించినచో, పురపాలక సభ్యులందు మూడు వంతులు, అనగా నూటికి డెబ్బదియైదుగురు, అంగీకరించిననే తప్ప మార్పు చెల్లదు. ఇది రెండవది. మొదటి నియమము ప్రజలందరికి మాటనిచ్చినది. రెండవది భూమి గలవానికి అడ్డుకట్ట నిచ్చినది.

1926లో యూక్లిడ్ అను చిన్న పురము కేసులో అమెరికా సుప్రీము కోర్టు మండల విభజన న్యాయసమ్మతమేనని తీర్పు చెప్పెను. విడి ఇండ్లుండు ప్రాంతమునకు వచ్చిన అపార్టుమెంటు భవనమును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చినది. అద్దెకుండువారి యెడల ఆనాటి చూపెట్టిదో దీనివలన తెలియును. అంతకు ముందు 1917లో, లూయీవిల్ నగరపు కేసులో, నల్లజాతివారు ఫలానా వీధులలో కాపురముండరాదను శాసనమును అదే న్యాయస్థానము కొట్టివేసియుండెను. అయినను ఫలితము పూర్తిగా మారలేదు. ఇంటి స్థలము ఇంతకు తక్కువ యుండరాదని, ఒక స్థలమున ఒక కుటుంబమే యుండవలెనని నియమించినచో, పేదవాడు తనంతట తానే దూరమగును. దేహపు రంగు పేరిట చేయరాని పనిని పటములోని రంగు పేరిట చేయుటకు త్రోవ మిగిలియే యున్నది.

సభకు వచ్చువారు, రానివారు

అచ్చటి బహిరంగ విచారణ చూచుటకు ముచ్చటగా నుండును. పని దినమున సాయంకాలము పురమందిరములో సంఘము కూర్చుండును. అర్జీదారు తన పటములను చూపును. ఉద్యోగులు నివేదిక చదువుదురు. పిమ్మట పౌరులు ఒక్కొక్కరుగా లేచి, సాధారణముగా రెండు మూడు నిమిషములు మాటలాడుదురు. బండ్ల రాకపోకలు పెరుగునని ఒకరు, బడిలో పిల్లలు క్రిక్కిరిసిపోదురని ఒకరు, ఇండ్ల విలువ పడిపోవునని మరియొకరు చెప్పుదురు. ఎవరినోటను బలవంతముగా మూయరు. ప్రజాస్వామ్యమనగా నిదియే కదా యనిపించును.

కాని ఆ సభకు వచ్చినవారెవరు? బోస్టను విశ్వవిద్యాలయపు రాజనీతి ఆచార్యులు ముగ్గురు మసాచుసెట్సు రాష్ట్రములోని 97 పురముల సభా నివేదికలను వెదకి ఈ ప్రశ్నకు సమాధానమును రాబట్టిరి. క్రొత్త ఇండ్ల నిర్మాణముపై మాటలాడినవారిలో నూటికి అరువదిమందికి పైగా వ్యతిరేకించిరి. సమర్థించినవారు సుమారు పదునైదుగురు మాత్రమే. మాటలాడినవారు ఊరి సామాన్య జనముకంటె వయసున పెద్దవారు, సొంత యిల్లు గలవారు, చిరకాలముగా అచ్చట నివసించువారు, ఎక్కువగా పురుషులు. అద్దెకుండువారి, రాత్రి పని చేయువారి, పసిబిడ్డల తల్లుల గొంతు అక్కడ సన్నగిల్లినది. అన్నిటికంటె ముఖ్యముగా, కట్టబోవు ఇంటిలో కాపురముండవలసినవాడు ఆ సభకు రానేలేడు. అతడింకను ఆ యూరివాడు కాడు. తనకు ఇల్లు వచ్చుననియు అతనికి తెలియదు. కీడు కలుగునని భయపడువాడు ఎదుటనే యున్నాడు. మేలు పొందవలసినవాడు ఎక్కడ నున్నాడో ఎవరికిని తెలియదు.

ఈ లోపమును గుర్తించి అచ్చటివారు మార్గములు వెదకుచున్నారు. మినియాపొలిస్ నగరము ఒక్కొక్క స్థలముపై వేర్వేరుగా తగవులాడుట మాని, నగరమంతటి ప్రణాళికపై ముందుగా చర్చ జరిపినది. ఒక కుటుంబమునకే పరిమితమైన స్థలములందు మూడు వాటాల వరకు కట్టుకొనవచ్చునని 2018 డిసెంబరులో దాని సభ తీర్మానించెను. టెక్సస్ రాష్ట్రము, ఇండ్ల సంఖ్యను పెంచు మార్పుల విషయమున, 20 శాతపు పాత అడ్డుకట్టను 60 శాతమునకు పెంచుచు 2025లో చట్టము చేసినది. ఆ రాష్ట్రములోని డాలసు, ఆస్టిను పరిసరములందు తెలుగు కుటుంబములు వేలాదిగా స్థిరపడియున్నవి. ఇల్లు వెదకుకొనుచు వచ్చినపుడు అధిక సంఖ్యలో ఇండ్లు కావలెనని కోరినవారే, ఇల్లు కొనిన పిమ్మట పొరుగున అపార్టుమెంటు వలదనుటకు అవకాశము కలదు. ఇది ఏ ఒక్క జాతి గుణమును కాదు. తలుపు లోపల నున్నవానికిని వెలుపల నున్నవానికిని గల భేదము.

మన పద్ధతి

మన దేశములో రోగము వేరు. అచ్చట కొందరి గొంతు మితిమీరి వినబడుచుండగా, ఇచ్చట గొంతు విప్పవలసిన సమయమే పెక్కుమందికి తెలియదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలకు 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టము మొదటి పునాది. 1975లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పట్టణాభివృద్ధి చట్టము వచ్చినది. ఆ యేడే హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 2008లో దాని స్థానమున మహానగరాభివృద్ధి సంస్థ వెలసినది. విభజన పిమ్మట 2016లో ఆంధ్రప్రదేశము తనకొక క్రొత్త చట్టమును చేసికొనినది. చట్టము పేరేదైనను పద్ధతి ఇంచుమించుగా నొకటియే. నేల రంగు మార్చదలచినపుడు ప్రకటన చేయవలెను. అభ్యంతరములను, సలహాలను ఆహ్వానింపవలెను. వానిని పరిశీలించిన పిమ్మటనే ఉత్తరువు ఈయవలెను.

ప్రకటన పత్రికలో ఒక మూల చిన్న అక్షరములతో పడును. అందు సర్వే నంబరు, గ్రామము, మండలము, విస్తీర్ణము ఉండును. కాని జనులు తమ వీధిని సర్వే నంబరుతో ఎరుగరు. రావిచెట్టు ప్రక్క, రామాలయము వెనుక, బస్సు స్టాపు ఎదుట అని యెరుగుదురు. చదివినవానికి సైతము అది తన యింటి వెనుకనున్న ఖాళీ స్థలమేనని తోచదు. తోచినను, అభ్యంతరము వ్రాసి పంపిన తరువాత దాని గతి యేమైనదో తెలియుట కష్టము. పదిమంది యెదుట అర్జీదారును, అభ్యంతరము చెప్పువాడును ముఖాముఖి నిలిచి వాదించు సభ మనకు అరుదు. అంతయు కాగితముపైనే నడచును. గోతులు త్రవ్వి పునాది వేసిననాడు గాని వీధివారు మేలుకొనరు.

ఇట్లని అర్జీ పెట్టువారందరు లాభమే కోరువారనుట న్యాయము కాదు. ఎన్నడో ఎవరో పటముపై ఆకుపచ్చ రంగు పూసిపోగా, గట్టున కీవలివాని ఎకరము లక్షలు పలుకుచుండ, ఆవలివాడు కుమార్తె పెండ్లికి అర ఎకరము అమ్ముకొనలేక యుండును. ఆ రంగు పూయునాడు అతనిని అడిగినవారు లేరు. అతని అర్జీయు న్యాయమైనదే. వేరొకచోట అదే ఆకుపచ్చ రంగు చెరువు శిఖమును కాపాడుచుండును. 2020 అక్టోబరు వర్షములకు హైదరాబాదున చెరువుల నానుకొని వెలసిన కాలనీలు మునిగినవి. అవన్నియు రంగు మార్పిడి ఫలమనరాదు. అనుమతి లేని కట్టడములును పెక్కు. కాని నీటి త్రోవను ఎరిగిన పాత కాపురపువాని మాటను ముందుగా వినుట ఎంత యవసరమో ఆ వరద చూపినది. రంగు మంచిదో చెడ్డదో దూరమునుండి చెప్పుట సాధ్యము కాదు. అందువలననే వినవలసి యున్నది.

న్యాయస్థానము చెప్పిన మాట

వినుట యెట్లుండవలెనో మన సుప్రీము కోర్టు చెప్పిన మొదటి తీర్పులలో నొకటి తెలుగునాట పుట్టిన కేసులోనిదే. కృష్ణా జిల్లాలో బస్సు మార్గములను ప్రభుత్వము స్వాధీనము చేసికొనదలచినపుడు ప్రైవేటు యజమానులు అభ్యంతరములు తెలిపిరి. వారి వాదమును శాఖా కార్యదర్శి వినెను. తీర్పు మాత్రము ముఖ్యమంత్రి చెప్పెను. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యములో, రాజమహేంద్రవరపువాడైన కోకా సుబ్బారావు న్యాయమూర్తి 1958లో తీర్పు వ్రాసెను. ఒకరు విని వేరొకరు తీర్చినచో ఆ వినుట వట్టి తంతగునని దాని సారాంశము. అది బస్సుల తగవే యైనను, అందలి నీతి నేలకును వర్తించును. అభ్యంతరములను జిల్లాలోని ఉద్యోగి స్వీకరించి, రాజధానిలోని అధికారి ఉత్తరువు వ్రాయు పద్ధతికి ఆ తీర్పు నేటికిని హెచ్చరికయే.

రెండవది బెంగుళూరు కేసు. ఉద్యానవనమునకై కేటాయించిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యాలయమున కిచ్చిరి. ఆ వాడవారు కోర్టుకెక్కిరి. మీకేమి సంబంధమని ఎదుటివారు ప్రశ్నించిరి. ఉద్యానవనము ఆ ప్రాంత ప్రజలందరి మేలుకొరకు ఉద్దేశింపబడినదనియు, దానిని కాపాడుకొనుటకు వారు అడుగవచ్చుననియు, చట్టమును త్రోసిరాజని చేసిన కేటాయింపు చెల్లదనియు 1991లో సుప్రీము కోర్టు నిర్ణయించెను. భూమికి యజమాని కానివానికిని ఊరిపై హక్కు కలదని దీనివలన తేలినది.

ఇక రాజ్యాంగపు మాట. 1992 నాటి 74వ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణను పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములలో మొదటి రెండింటిగా చేర్చినది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురములందు వార్డు సంఘములుండవలెనని చెప్పినది. అయినను భూవినియోగ మార్పిడిపై తుది మాట నేటికిని ప్రధానముగా అభివృద్ధి సంస్థలయందును, రాష్ట్ర ప్రభుత్వమునందును నిలిచియున్నది. ఓటు వేసి యెన్నుకొనిన వార్డు సభ్యుడు తన వీధి రంగు మారిన సంగతిని పత్రికలో చదివి తెలిసికొనవలసిన స్థితి కలదు.

చేయదగినది

రెండు దేశముల అనుభవమును బట్టి కొన్ని విషయములు స్పష్టమగుచున్నవి. ప్రకటన సర్వే నంబరుతో ఆగక, ఆ స్థలము నందే పెద్ద బోర్డుపై, సామాన్యుడు చదువగల తెలుగులో నుండవలెను. విచారణ వార్డులోనే, పనివారికి తీరిక గల వేళ జరుగవలెను. విన్నవారే తీర్చవలెను, ఏ అభ్యంతరమును ఏల స్వీకరించిరో, ఏల త్రోసిపుచ్చిరో కారణములు వ్రాసి ప్రకటింపవలెను. అడ్డుచెప్పువారి సంఖ్యనే చూడక, ఆ సభకు రాలేని కూలివానికి, అద్దెవానికి, రేపు రాబోవువానికి కలుగు మేలుకీడులను ఉద్యోగుల నివేదిక తప్పక చెప్పవలెను. ఒక్కొక్క స్థలముపై తగవు వచ్చు వరకు ఆగక, మాస్టరు ప్లాను తయారగు దశయందే గ్రామగ్రామమున పటము పరచి చర్చింపవలెను. కామారెడ్డిలో వీధికెక్కిన ప్రశ్న, పటము గీయకమునుపే రచ్చబండ మీదికి వచ్చియుండిన యెడల, ఆ జనవరి వేరుగా గడచియుండెడిదేమో.

పౌరశాస్త్ర పాఠములో పురపాలక సంఘపు విధులను విద్యార్థులు కంఠస్థము చేయుదురు. ఉపాధ్యాయులు ఒకనాడు తమ యూరి మాస్టరు ప్లాను పటమును తరగతి గోడకు తగిలించి, బడి యున్నచోటు ఏ రంగులో నున్నదో, ఊరి చెరువు ఏ రంగులో నున్నదో వెదకుమని పిల్లల నడిగినచో, ఆ పాఠము ఇంటివరకు నడచిపోవును. భూవినియోగ మార్పిడి ప్రకటనను పత్రిక మూలనుండి కత్తిరించి తెచ్చి, ఆ సర్వే నంబరు ఎక్కడిదో కనుగొనుమనుటయు మంచి అభ్యాసమే. అట్టి పిల్లవాడు పెద్దవాడైన నాడు, అభ్యంతరములకు గడువు ముగియకమునుపే కలము పట్టగలడు.