ముగ్గు తొక్కే మనుషులు

ఇంటి ముందు ముగ్గు వేసి ఉంటే ఎంతటివాడైనా చూసి అడుగేస్తాడు. పాలబ్బాయి సైకిలు పక్కకి తిప్పుకుంటాడు. అప్పు వసూలుకొచ్చినవాడు కూడా అంచు వెంట నడిచొచ్చి గడప దగ్గర నిలబడతాడు. పొరపాటున కాలు పడితే నాలిక్కరుచుకుని "అయ్యో, చూళ్ళేదమ్మా" అంటాడు. ఇంతా చేసి ఆ ముగ్గు ఖరీదెంతండీ? గుప్పెడు పిండి! దాన్ని తొక్కినందువల్ల ఎవరి ప్రాణమూ పోదు.

మరి నడిరోడ్డు మీద మూరెడు వెడల్పు గీతలతో మున్సిపాలిటీవాళ్ళు వేసిన ముగ్గు సంగతేమిటి? జీబ్రా గీతలని దానికి పేరు. దాన్ని తొక్కితే ప్రాణాలు పోతాయి. పోతున్నాయి కూడా. అయినా కార్లూ స్కూటర్లూ ఆటోలూ జంకూ గొంకూ లేకుండా దాని మీదుగా వెళ్ళిపోతాయి. ఎర్రదీపం వెలిగితే సరిగ్గా ఆ గీతల మీదకే వచ్చి, పెళ్ళి పందిట్లో ముందు వరస కుర్చీలు దొరికినట్టు తీరిగ్గా ఆగుతాయి. నడిచేవాళ్ళేమో బంపర్ల సందుల్లోంచి చీరకుచ్చిళ్ళు పట్టుకుని ఒత్తిగిల్లి దాటుకోవాలి. ఇంటి ముందు ముగ్గుకున్న మర్యాద వీధి మధ్య ముగ్గుకి లేకపోవడమేమిటి అని నా గొడవ.

"ఈవిడకి బండి లేదు కాబోలు, అందుకే ఈ ఏడుపు" అనుకునేరు. కారుంది. స్కూటరూ ఉంది. అసలు నా గొడవ మొదలైందే ఆ స్కూటరు మీద.

పోయిన ఏడాది తొలకరి రోజుల్లో, హైదరాబాదులో ఓ సాయంత్రం. అప్పుడే ఓ పది నిమిషాలు చినుకులు పడి వెలిసింది. మావాడు బండి నడుపుతున్నాడు. నేను వెనక కూరల సంచీతో కూర్చున్నాను. ముందు వెడుతున్న కారు ఆగింది. ఎందుకాగిందో నాకు కనబడలేదు. కనబడకపోతే నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "ఆయనలాగే ఆగుతాడు గానీ నువ్వు పక్కనించి పోనీరా, మళ్ళీ వాన ముంచుకొస్తోంది" అన్నాను. మిగతా విషయాల్లో నా మాట ఒక్కటీ వినని కొడుకు ఆ ఒక్క మాటా విన్నాడు. బండి ఎడమ పక్కకి తిప్పి ముందుకి పోనిచ్చాడు. కారు దాటీ దాటగానే ఎదురుగా జీబ్రా గీతలు. ఆ గీతల మీద ఓ ముసలావిడ, చంకలో కరివేపాకు మూట. మావాడు బ్రేకు నొక్కాడు. చక్రం సరిగ్గా తెల్లగీత మీద ఉంది. సబ్బునీళ్ళ మీద కాలేసినట్టు బండి సర్రున జారి పక్కకి ఒరిగింది. ఇద్దరం కింద పడ్డాం. ఆ ముసలావిడ కాళ్ళకి జానెడు దూరంలో బండి ఆగింది.

నాకు మోచెయ్యి దోక్కుపోయింది, వాడికి మోకాలు. టమాటాలు రోడ్డంతా దొర్లాయి. ఆవిడ మమ్మల్ని తిట్టవచ్చు. తిడితే పడవలసిందే. తిట్టలేదు. వంగి, ఊడిపోయిన నా చెప్పు తీసిచ్చి, "పైలం బిడ్డా" అని, మిగిలిన గీతలు దాటుకుంటూ వెళ్ళిపోయింది. పైలమంటే తెలంగాణలో జాగ్రత్త అని. జాగ్రత్త పడవలసిన వాళ్ళం మేం. చెప్పిందేమో మా చేతిలో చావబోయిన మనిషి!

ఇంటికొచ్చాక మావారు "వాన కదా, జారుతుంది మరి" అన్నారు. పక్కింటావిడ "శకునం చూసుకుని బయల్దేరాల్సిందండీ" అంది. మావాడు "ఆ కారాయన అలా హఠాత్తుగా ఆగకపోతే..." అని మొదలెట్టాడు. వానది తప్పు, శకునానిది తప్పు, ఆగినవాడిది తప్పు. మా ఇద్దరిదీ మాత్రం కాదు! అప్పట్నించీ ఈ సాకులన్నిటినీ బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. ఒక్కటీ నిలవడం లేదు.

మొదటిది వాన సాకు. వంటింట్లో నూనె ఒలికినచోట తడిగుడ్డతో ఒక్కసారి అలికి వదిలేస్తే గచ్చు ఎలా ఉంటుందో మనకి తెలియనిదా? రోడ్డూ అంతే. ఎండాకాలమంతా బళ్ళు కార్చిన నూనె, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి దాని మీద పేరుకుని ఉంటాయి. తొలి చినుకులు వాటిని కడిగెయ్యవు, కలిపి జిడ్డు చేస్తాయి. పెద్దవాన పడి కొట్టుకుపోయేదాకా ఆ జిడ్డు వదలదు. అంచేత "నాలుగు చినుకులేగా" అని మనం తేలిగ్గా తీసుకునే ఆ మొదటి కాసేపే ఎక్కువ మోసం. దానికితోడు గీతలకి వేసే రంగు నునుపు. తారుకున్న గరుకుదనం దానికి లేదు, తడిస్తే ఇంకా జారుతుంది. కాబట్టి బ్రేకు వెయ్యవలసింది గీతల మీద కాదు, గీతలు రాకముందు. మావాడు చేసిందీ, నేను చేయించిందీ దీనికి సరిగ్గా తలకిందులు.

పాలవాడి లెక్కా, చీటీల లెక్కా చూసుకునే మనకి ఈ లెక్క ఓ లెక్కా? గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 14 మీటర్లు. ఎదురుగా మనిషిని చూసి కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపే ఒక సెకను పోతుంది, అంటే 14 మీటర్లు. ఆ తరవాత పొడిరోడ్డు మీద బండి ఆగడానికి సుమారు మరో 14 మీటర్లు. తడిరోడ్డు మీదైతే 25 దాకా కావాలి. మొత్తం 39 మీటర్లు! అదే బండి 30లో వెడుతుంటే తడిలో కూడా 17 మీటర్లలో ఆగిపోతుంది. ఇదంతా టైరు బాగున్నప్పటి మాట. టైరు మీది గాళ్ళు ఉన్నవి అందానికి కాదు, నీళ్ళని పక్కకి తోసి రబ్బరుని రోడ్డుకి ఆనించడానికి. వాటి లోతు స్కూటరుకి 0.8 మిల్లీమీటరుకి, కారుకి 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. చీర అంచు రవ్వంత వెలిస్తే పట్టేసే మన కళ్ళు, టైరు బోడిగుండైనా చూడవు!

అంచేత వానది తప్పు కాదు. వాన రోడ్డుని తడుపుతుంది. తడిసిన రోడ్డు మీద పొడిరోడ్డు వేగంతో వెళ్ళమని చెప్పేది వాన కాదు, మనం.

రెండో సాకు కాస్త బలమైనది. "నేను ఆగితే వెనకవాడు గుద్దేస్తాడు" అంటారు. నిజమే, హఠాత్తుగా ఆగితే గుద్దుతాడు. హఠాత్తుగా ఎందుకు ఆగాలి? రోజూ వెళ్ళే దారిలో దోసెల బండి ఎక్కడుందో, ఏ కొట్లో కొత్తిమీర చవకో తెలిసిన మనకి, గీతలు ఎక్కడున్నాయో తెలియవా? దూరాన్నుంచే నెమ్మదిస్తే వెనకనున్న ఎర్రదీపం చూసి వాడూ నెమ్మదిస్తాడు. మనం కూడా ముందు బండి తోక పట్టుకుని వెళ్ళకూడదు. ముందు బండి ఏ స్తంభాన్నో దాటిన తరవాత మనం ఆ స్తంభం చేరడానికి పొడిరోజుల్లో రెండు సెకన్లు, వానరోజుల్లో నాలుగు సెకన్లు పట్టేంత ఎడం ఉండాలి. వెనక కూర్చున్నవాళ్ళకి వేరే పనేముంది, తీరిగ్గా లెక్కపెట్టండి. ఇంకో మాట. గీతల ముందు ఒక బండి ఆగిందంటే దాని అవతల ఎవరో ఉన్నట్టే. ఆగిన బండిని పక్కనించి దాటడమంటే తలుపు చాటునుంచి బయటికొచ్చే పసిపిల్ల మీదకి మరుగునీళ్ళ గిన్నెతో పరిగెత్తినట్టు.

మూడో సాకు: "ఈ నడిచేవాళ్ళకి బుద్ధిలేదు, ఎక్కడపడితే అక్కడ దాటుతారు." దాటుతారు, ఒప్పుకుంటున్నాను. నేనూ దాటాను. ఎందుకని? గీతల దాకా నడిచివెళ్ళి నిలబడినా ఎవడూ ఆగడు కదా, అంత దూరం వెళ్ళడమెందుకని. గీతల దగ్గర బళ్ళు ఆగుతాయన్న నమ్మకం కుదిరితే ఎవరైనా గీతల దగ్గరికే వస్తారు. కొట్టువాడు తూకం సరిగ్గా తూస్తే ఆ కొట్టుకే వెళ్ళమూ? పైగా వానలో వాళ్ళ అవస్థ చూడండి. పేవ్‌మెంటు మీద టీ కొట్టూ, మోటారు సైకిళ్ళూ. రోడ్డంచున మోకాలి లోతు నీళ్ళు, వాటికింద మ్యాన్‌హోలు మూత ఉందో లేదో దేవుడికి తెలియాలి. అందుకని రోడ్డు మధ్యకి జరుగుతారు. గొడుగు అడ్డొచ్చి పక్కనించి వచ్చే బండి కనబడదు, వాన హోరులో చప్పుడు వినబడదు. మన అద్దం మీదేమో నీటి చుక్కలు, ఎదుటి బండి దీపాల మిలమిల. ఇద్దరికీ సగం గుడ్డితనమే. తేడా అల్లా ఒక్కటే. ఒకరి చుట్టూ ఇనుము, ఇంకొకరి చుట్టూ చీర.

2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళు. కేంద్ర ప్రభుత్వం అచ్చు వేసిన లెక్కే ఇది. రోజుకి తొంభైమంది! ఒక పెళ్ళికి రెండు బస్సుల్లో తరలివెళ్ళేంతమంది, ప్రతి రోజూ. కారు 50లో కాక 65లో వచ్చి తగిలితే మనిషి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం ఆదా చేసుకునే ఆ రెండు నిమిషాలకి ఇదీ ధర.

"వంతెనలు కట్టారుగా, ఎక్కి దాటమనండి" అంటారు ఇంకొందరు. ఉప్పల్‌లో 2023లో లిఫ్టులతో సహా చక్కటి నడక వంతెన తెరిచారు, సంతోషం. కానీ ప్రతి వీధికీ వంతెన కట్టలేరు కదా. అయినా మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు యాభై మెట్లెక్కాలా, మన కాలు బ్రేకు మీద ఒక్క అంగుళం కదలాలా? ఏది సులువో చెప్పండి.

ఈ గీతలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. ఇంగ్లండులో 1949లో ప్రయోగాలు చేసి, 1951లో చట్టంలోకి ఎక్కించారు. మన దగ్గర కూడా, దీపాలు లేని చోట గీతలు వస్తే బండి నెమ్మదించి, ఆగి, నడిచేవాళ్ళకి దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాలు నడిపే నిబంధనల్లో రాసే ఉంది. జాలి ఉంటే ఆగమని కాదు, ఆగాలని! 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. అంటే నడక కూడా బతుకులో భాగమేనని మనకి కోర్టువారు చెప్పవలసి వచ్చిందన్నమాట.

మరి మన వీధుల్లో ఏం జరుగుతోంది? దాటేవాళ్ళు చెయ్యెత్తుకుని, వచ్చే ప్రతి బండినీ బతిమాలుకుంటూ వెళ్ళాలి. గుళ్ళో దేవుడు చెయ్యెత్తితే అభయం ఇస్తున్నాడని అర్థం. రోడ్డు మీద మనిషి చెయ్యెత్తితే అభయం అడుక్కుంటున్నాడని అర్థం. పోనీ దయగల మారాజు ఎవరో ఆగితే, దాటేవాళ్ళు సిగ్గుపడుతూ, నవ్వుతూ, పరిగెత్తుతారు! తన దారిన తను నడవడానికి ఒకరికి దణ్ణం పెట్టడమేమిటండీ?

ఇక మనవి, ఆడవాళ్ళ సంగతి. స్టీరింగు ముందు కూర్చున్నది ఎవరైనా, బండిని సగం నడిపేది మన నోరు. "సినిమాకి టైమైపోతోంది", "పిల్లాడికి స్కూలు బెల్లు కొట్టేశారు", "అబ్బ, ఎంతసేపండీ" అని వెనకనుంచి తొందరపెట్టేది మనమే. కాలినడకన వెళ్ళినప్పుడు కారువాళ్ళని శాపనార్థాలు పెట్టి, కారెక్కగానే నడిచేవాళ్ళని విసుక్కునేదీ మనమే. చెప్పులు తొడుక్కుంటే ఒక మనిషి, సీటు బెల్టు పెట్టుకుంటే ఇంకో మనిషీనా? ఆ రోజు మావాడి చేత తప్పు చేయించింది నా నోరే గనక ఈ మాట అనే అర్హత నాకుందనుకుంటాను.

తొందరపెట్టే నోటికి ఆపే శక్తీ ఉంది. ఉప్పు ఎక్కువైతే మనం చెబితే తగ్గడం లేదూ? "వాన పడుతోంది, ముప్పైలో పోనీ" అనండి. "గీతలొస్తున్నాయి, కాలు తియ్యి" అనండి. పది నిమిషాలు ముందు బయల్దేరదీయండి. నడిచి వెళ్ళే రోజున గొడుగు కాస్త పైకెత్తి రెండు పక్కలా చూసి, వానచీకట్లో లేతరంగు బట్టలు కట్టి, గీతల దగ్గరే దాటండి. అవతలివాళ్ళు తప్పు చేస్తే మన తప్పు ఒప్పయిపోదు.

మావాడు ఇప్పుడు గీతల ముందు ఆగుతున్నాడు. వెనకవాళ్ళు హారన్లు కొడతారు. మొదట్లో నాకే సిగ్గేసేది, ఇప్పుడు అలవాటైంది. మొన్న ఓ స్కూలు పిల్ల మాకు చెయ్యెత్తబోతే నేనే "చెయ్యి దించమ్మా, నీ దారే, నిదానంగా నడువు" అన్నాను. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసి, రెండడుగులు పరిగెత్తి, మళ్ళీ గుర్తొచ్చినట్టు మామూలుగా నడిచింది.

ఆ కరివేపాకు మూట ముసలావిడ మళ్ళీ కనబడలేదు. కనబడితే క్షమాపణ చెప్పుకోవాలి. అంతవరకూ ఆవిడ నాకిచ్చిన మాటే మీకూ ఇస్తున్నాను. పైలం.