పురుగు కనబడగానే మందేనా?

పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో మా ఇంటి వెనక నాలుగు వంగ మొక్కలు, ఒక బొప్పాయి చెట్టు ఉన్నాయి. మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నాటి వెళ్ళారు. పోయిన ఏడాది వంగ ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా పురుగు పట్టింది. దాని పేరు పిండినల్లి.

పుల్లకు దూది చుట్టి, సబ్బునీళ్ళలో ముంచి తుడవడం మొదలుపెట్టాం. కొన్ని పురుగులు మిగతావాటికంటే పెద్దవి. ఒంటినిండా తెల్లని పోగులతో చురుగ్గా నడుస్తున్నాయి. ముందు వాటినే చంపాం. మర్నాడు ఒకదాన్ని సీసాలో పెట్టి బడికి తీసుకెళ్తే, మా సైన్సు టీచరుగారు భూతద్దంలో చూసి నవ్వారు. అది అక్షింతల పురుగుల్లో ఒక రకం పిల్ల అట. చూడటానికి పిండినల్లిలాగే ఉంటుంది, కానీ పిండినల్లిని తిని బతుకుతుంది. దొంగల్ని వదిలేసి పోలీసుల్ని కొట్టామన్నమాట!

పురుగుమందు చేసేదీ ఇంచుమించు ఇదే. చాలా మందులు పంటను తినే పురుగుతోపాటు దాన్ని తినే అక్షింతల పురుగునూ, సాలెపురుగునూ చంపేస్తాయి. మిగిలిన చీడ త్వరగా పెరుగుతుంది, దాన్ని అదుపు చేసే మిత్రపురుగులు అంత త్వరగా కోలుకోవు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అతిగా కొట్టడం అందుకు ఒక ముఖ్య కారణం.

మన పెరటి బొప్పాయికి ఇంకో కథ ఉంది. బొప్పాయి పిండినల్లి మెక్సికో వైపు పురుగు. మన దేశంలో దాన్ని మొదట 2008లో కోయంబత్తూరులో గుర్తించారు. మనలాగే దానికీ బదిలీ అయిందనుకోండి. కానీ దాని శత్రువులు అక్కడే ఉండిపోయాయి. అడ్డు లేకపోవడంతో అది బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని పాడుచేసింది. మందులు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరులోని వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బదనిక పురుగుల్ని తెప్పించి, పరీక్షించి, తోటల్లో వదిలింది. వాటిలో అసిరోఫేగస్ పపాయే అనేది బాగా నిలదొక్కుకుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండని ఈ పురుగు పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని లోపలినుంచి తినేస్తుంది. మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. కొద్దికాలంలోనే తోటలు తేరుకున్నాయి.

“అప్పు చేసి సాగుచేసే రైతు పురుగుల్ని చూస్తూ కూర్చోగలడా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పంట పోయేంత ఉధృతి ఉంటే రైతుకు మందు అవసరం కావచ్చు. కానీ మన వంగ నాలుగు కాయలు తక్కువ కాస్తే మన ఇంట్లో ఎవరూ పస్తుండరు. ఓపిగ్గా చూడగలిగినవాళ్ళం మనమే.

అయినా మనవాళ్ళే తొందరగా మందు డబ్బా పడతారు. ఎందుకంటే రెండు మూడేళ్ళలో మనం వెళ్ళిపోతాం. తర్వాత ఏమైనా మన కంట పడదు. మాకు ఇది సరి కాదనిపిస్తుంది. బదిలీ అయినప్పుడు మన నాన్నలు, అమ్మలు ఆఫీసులో అన్నీ సరిచూసి చార్జి అప్పగించి వస్తారు. మనం కూడా పెరటిని అలాగే అప్పగించాలి.

అందుకని మిత్రులారా, పురుగు కనబడితే ముందు వారం రోజులు గమనించండి. ఏది ఆకును తింటోంది, ఏది పురుగును తింటోంది అని నోటుబుక్కులో రాయండి. మరీ ఎక్కువైతే నీళ్ళతో కడగండి, పాడైన ఆకులు తుంచెయ్యండి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ నోటుబుక్కు తర్వాత వచ్చేవాళ్ళకు ఇచ్చి వెళ్ళండి. మాకు మొక్కలు ఇచ్చి వెళ్ళినవాళ్ళు ఒక నోటుబుక్కు కూడా ఇచ్చి ఉంటే, ఆ తెల్లని పిల్లలు బతికి ఉండేవి.