ఆట నాణేలూ కష్టార్జితమే

స్టడీ అవర్ అయ్యాక మన తమ్ముళ్ళు సెల్‌ఫోన్లో ఆటలాడి చెడిపోతున్నారని పెద్దల ఫిర్యాదు. ఆడటం తప్పని నేననను. ఆటలోని నాణేలను అసలు డబ్బు పెట్టి కొనడమే తప్పంటాను. నాకు బాగా తెలిసిన రూన్‌స్కేప్‌నే చెబుతాను. 2001లో ఇంగ్లండులో మొదలైన ఈ ఆట పాత రూపాన్ని 2013లో మళ్ళీ తెచ్చారు. 2018లో అది ఫోన్లలోకీ వచ్చింది.

కొత్తగా చేరినవాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. లంబ్రిడ్జ్ అనే ఊరి పక్క పొలంలో ఆవుల్ని కొట్టి తోళ్ళు పోగుచేస్తాడు. సంచిలో 28 గళ్ళే ఉంటాయి. అవి నిండాక అల్ ఖరీద్ పట్నానికి నడవాలి. గేటు దగ్గర 10 నాణేల సుంకం. అక్కడ తోలు శుద్ధిచేసేవాడు మెత్తటి తోలుకు ఒక్క నాణెం తీసుకుని క్షణంలో పని ముగిస్తాడు. ఇక్కడ నాకు నవ్వొస్తుంది. మా తాత తంగేడు చెక్క వేసి లందలో తోళ్ళు నానబెట్టేవాడు. ఒక్క తోలు చెప్పు కుట్టడానికి పనికి రావాలంటే రోజులు పట్టేది. పైగా దానికి ధర కట్టేది ఆయన కాదు. ఆటలో మాత్రం గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే అంగడిలో నా సరుకుకు నేనే ధర చెప్పుకోవచ్చు. మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి కనుక ఈ తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

ఇక బాండు సంగతి. కంపెనీ దగ్గర డబ్బుకు కొన్న బాండును ఆటలో నాణేలకు అమ్ముకోవచ్చు. కొన్నవాడికి 14 రోజుల సభ్యత్వం వస్తుంది. దాని ధర ఇప్పుడు కోటి నాణేలు దాటింది. తోలు వంద నాణేలనుకుంటే లక్ష ఆవులు! అందుకే కొత్తవాడు బాండు వెంట పడకూడదు. ఉచితంగా దొరికే క్వెస్టులు ముందు పూర్తిచేసి, నైపుణ్యాలు పెంచుకోవాలి.

అంత ఓపిక లేనివాళ్ళు బయట దొంగచాటుగా నాణేలు కొంటున్నారు. అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోవచ్చు. అయితే ఆ నాణేలు తయారుచేసేది ఎవరు? వెనిజులాలో ద్రవ్యోల్బణంతో జీతాలు కాగితాలైపోయినప్పుడు, 2017 నాటికే అక్కడి యువకులు ఈ ఆటలో గంటల తరబడి పచ్చ డ్రాగన్లను చంపి, నాణేలమ్మి డాలర్లు సంపాదించి ఇంటికి బియ్యం, పిండి కొన్నారు. కొందరు ఆటగాళ్ళు వాళ్ళను వేటాడటమే వినోదం చేసుకున్నారు, ఎలా వేటాడాలో కూడా రాసిపెట్టారు. కూలివాళ్ళ పిల్లలమైన మనం ఆ వేటలో చేరకూడదు. వాళ్ళ చెమటను చవగ్గా కొని గొప్పలు పోవడమూ మనకు తగదు.

“నీ నాణేలివ్వు, రెట్టింపు చేసిస్తా” అనేవాళ్ళు ఆ అంగడి చుట్టూ ఎప్పుడూ ఉంటారు. మన ఊళ్ళలో గొలుసుకట్టు స్కీములు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

తమ్ముళ్ళూ, కాస్మెటిక్ చార్జీలుగా వచ్చే నాలుగు రూపాయలూ సబ్బుకూ నూనెకే చాలవు. అందులోంచి ఆటకు ఒక్క రూపాయి కూడా తీయకండి. వార్డెన్ సారుకు నాదొక మనవి. ఫోన్లు లాక్కోవడం కంటే ఆదివారం సాయంత్రం ఒక గంట ఆడనివ్వండి. ఆ గంటలో ఎన్ని తోళ్ళు, ఎంత సుంకం, ఎంత మిగులు అన్నది నోటు పుస్తకంలో లెక్క రాయించండి.