సరైన జవాబు

వర్జీనియాలో వైద్యుడి లైసెన్సు నిలవాలంటే రెండేళ్లకు 60 గంటల నిరంతర విద్య తప్పదు. హెర్న్‌డన్‌లో రాత్రి భోజనమయ్యాక లాప్‌టాప్ ముందు ఆ గంటలు పూర్తిచేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సదుపాయాన్ని కాదనను.

కానీ అరవై దాటినవారికి రక్తపోటు పై అంకె 150 లోపుంటే చాలునన్నది 2014 నాటి సాధారణ సూత్రం. 2017 మార్గదర్శకాలతో అది 130 అయింది. రెండుసార్లూ నా జవాబు సరైనదే! ఈ మార్పుకు ఊతమిచ్చిన 2015 నాటి స్ప్రింట్ అధ్యయనంలో 9,361 మంది ఉన్నారు గాని, మధుమేహం ఉన్నవారినీ, పక్షవాతం వచ్చినవారినీ అందులో చేర్చుకోలేదు. పరీక్ష మొదట అడగవలసింది ఈ సంగతి. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చే తల్లికి తరచుగా ఉండేది ఆ మధుమేహమే. లేచి నిలబడగానే ఆమెకు కళ్లు తిరుగుతున్నాయా అన్న ప్రశ్న నేను ముగించిన పాఠాల్లో ఎక్కడా రాలేదు.